వర్ట్ గ్రావిటీ కొలతలు: ఇంటి బీరు ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి: ప్రశ్న

ఈ డైరీ ఒకే ప్రశ్న కోసం మొదలైంది. అదే మాల్టు, అదే మిల్లు, అదే మరిగించే కెటిల్, అవే పాళ్లు వాడుతున్నా మాష్ సామర్థ్యం, అంటే మాల్టు నుంచి రాగల చక్కెరలో మనకు దక్కిన పాలు, ఒకసారి 66 శాతంగానూ, మరొకసారి 79 శాతంగానూ ఎందుకు కనిపిస్తోంది? ఆల్-గ్రెయిన్ పద్ధతిలో, అంటే డబ్బాలో దొరికే మాల్టు సారాన్ని కొనకుండా, మాల్టును, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలను, నలగగొట్టి వేడినీటిలో నానబెట్టి (ఇదే మాష్) చక్కెరలను మనమే రాబట్టుకునే పద్ధతిలో, ఇలాంటి తేడా కనిపించగానే చాలామంది మిల్లు రోలర్లను దగ్గరికి జరుపుతారు, లేదా నీటి ఆమ్లత్వాన్ని మార్చి చూస్తారు. వాటిలో దేనినీ కదపకుండా, ముందు ఆ శాతాన్ని తేల్చే అంకెలు ఎంతవరకు నమ్మదగినవో పరీక్షించాలని నిశ్చయించుకున్నాను. సామర్థ్యాన్ని ఎవరూ నేరుగా కొలవరు. గ్రావిటీ, ఘనపరిమాణం, ధాన్యం బరువు అనే మూడు కొలతల నుంచి లెక్క కడతారు. ఆ మూడింటిలో ధాన్యం బరువు ఒక్కటే అనుమానానికి తావులేనిది.

పని జరుగుతున్నది అమెరికాలోని కొలరాడోలో, డెన్వర్ శివారులోని మా గ్యారేజీలో. ఇక్కడ ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన సమాఖ్య చట్టం వీలు కల్పించింది. ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది పెద్దవాళ్లున్న ఇంటికి 200 గ్యాలన్లు పరిమితి, అమ్మకం నిషిద్ధం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం ఎక్సైజు చట్టాల ప్రకారం నేరం కనుక, అక్కడి పాఠకులు దీనిని కొలతల శాస్త్రంగా మాత్రమే చదువుకోవాలి.

గ్రావిటీ అంటే ఇక్కడ సాపేక్ష సాంద్రత. నీటిని 1.000గా తీసుకుంటే మాల్టు చక్కెరలు కరిగిన ద్రవం, అంటే వర్ట్, 1.040 ఉందనుకుందాం, దానిని 40 పాయింట్లు అంటాము. పాల కేంద్రంలో లాక్టోమీటరు చేసే పనినే ఇక్కడ హైడ్రోమీటరు చేస్తుంది. ద్రవం ఎంత చిక్కనైతే గాజు గొట్టం అంత పైకి తేలుతుంది. బ్రూవరీల వారు ఎక్కువగా ప్లేటో డిగ్రీలలో మాట్లాడతారు: నూరు గ్రాముల వర్ట్‌లో ఎన్ని గ్రాముల సారం ఉందో అన్ని డిగ్రీలు. 10 ప్లేటో సుమారు 1.040కి, 12 ప్లేటో సుమారు 1.048కి సమానం.

నా ప్రామాణిక బ్యాచ్ ఇది: 5 కిలోల మాల్టు, 15 లీటర్ల మాష్ నీరు, మొదటి వర్ట్ దించాక ధాన్యాన్ని కడగడానికి 18 లీటర్ల నీరు, మరిగించడానికి ముందు కెటిల్‌లో 28 లీటర్లు, మరిగాక 24 లీటర్లు. కిలో మాల్టు నుంచి గరిష్ఠంగా సుమారు 300 లీటర్-పాయింట్లు (లీటర్లను గ్రావిటీ పాయింట్లతో గుణించిన మొత్తం) వస్తాయని తీసుకుంటే మొత్తం 1500. కెటిల్‌లో 28 లీటర్లు 1.040 దగ్గర ఉంటే 1120, అంటే దాదాపు 75 శాతం. అదే కెటిల్‌లో గ్రావిటీని రెండు పాయింట్లు తప్పు చదివితే శాతం దాదాపు నాలుగు అంకెలు అటూ ఇటూ పోతుంది. పదమూడు శాతాల తేడాను పుట్టించడానికి చిన్న చిన్న తప్పులు మూడు నాలుగు కలిస్తే చాలునన్నది నా అనుమానం.

ఫిబ్రవరి చివర: హైడ్రోమీటరుకే పరీక్ష

నా దగ్గరున్నది మూడు స్కేళ్ల సాధారణ హైడ్రోమీటరు. దాని కాడ లోపల చుట్టిన కాగితం మీద 0.990 నుంచి 1.170 వరకు, రెండేసి పాయింట్లకు ఒక గీత చొప్పున ముద్రించి ఉంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర సరిగా చూపుతుందో కాగితం మీదే చిన్న అక్షరాలతో ఉంటుంది. నాది 20 డిగ్రీల సెల్సియస్. అమెరికా మార్కెట్టులో 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 15.6 డిగ్రీల సెల్సియస్‌కు సరిచేసినవి కూడా విరివిగా ఉన్నాయి కనుక, ఈ అక్షరాలను చదవకుండా వేరొకరి సవరణ పట్టికను వాడకూడదు.

మొదటి పరీక్ష 20 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌లో. 1.000 చూపవలసిన చోట 1.001 చూపింది. నీటి పరీక్షతో చాలామంది ఆగిపోతారు, కాని అది స్కేలు మీద ఒక్క బిందువును మాత్రమే తేలుస్తుంది. అందుకని పంచదార ద్రావణాలు తయారు చేశాను. ప్లేటో నిర్వచనమే బరువుల నిష్పత్తి గనుక దీనికి ప్రయోగశాల అవసరం లేదు: 100 గ్రాముల పొడి పంచదారను 900 గ్రాముల నీటిలో పూర్తిగా కరిగిస్తే 10 ప్లేటో, అంటే 1.040, 200 గ్రాములను 800 గ్రాముల నీటిలో కరిగిస్తే 20 ప్లేటో, అంటే 1.083. నీటిని లీటరు గ్లాసుతో కాక తూకంతోనే తీసుకోవాలి. వంటింటి తూకం ఒక గ్రాము తప్పు చూపినా 10 ప్లేటో ద్రావణంలో వచ్చే తేడా అర పాయింటుకు లోపే కనుక ఈ పనికి అది చాలు.

ఫలితాలు: 1.040 ద్రావణంలో 1.041, 1.083 ద్రావణంలో 1.085. కాగితం గొట్టంలో కొద్దిగా జారి ఉంటుందని, లేదా ముద్రణలోనే ఆ తేడా ఉందని అనుకోవాలి. ఏదైతేనేమి, స్కేలు మీద తక్కువ అంకెల దగ్గర ఒకటి, ఎక్కువ అంకెల దగ్గర రెండు పాయింట్లు తీసివేయాలని ఒక కార్డు రాసి డబ్బాకు అంటించాను. కొత్తది కొనడం కంటే ఇది మేలు. కొత్తదానినీ ఇలాగే పరీక్షించక తప్పదు కదా.

చదివే పద్ధతి గురించి కూడా ఇక్కడే రాసి ఉంచుతాను. ద్రవం గాజు కాడ వెంబడి కొద్దిగా పైకి ఎగబాకి వంపు తిరుగుతుంది. ఎక్కువ హైడ్రోమీటర్లలో ఆ వంపు అడుగును, అంటే ద్రవం అసలు మట్టాన్ని చదవాలి; పై అంచును చదివేలా తయారైనవి కొన్ని ఉంటాయి, అటువంటి సంగతి తయారీదారు ఇచ్చిన కాగితంలో ఉంటుంది. కంటిని ద్రవం మట్టానికి సరిగ్గా సమానంగా ఉంచకపోతే మరో పాయింటు పోతుంది. నల్లని స్టౌట్ బీరు వంటి వాటిలో వంపు అడుగు కనిపించదు కాబట్టి, ముందుగా నీటిలో పై అంచుకూ అడుగుకూ ఎంత తేడా ఉందో ఒకసారి చూసి పెట్టుకుని, స్టౌట్‌లో పై అంచును చదివి ఆ తేడాను కలపడం ఉత్తమం. గొట్టం పాత్ర గోడకు అంటుకుంటే రీడింగు నిలబడదు. అందుకే పాత్ర కాస్త వెడల్పుగా ఉండాలి, హైడ్రోమీటరును వేళ్లతో మెల్లగా తిప్పి వదలాలి.

మార్చి: ఉష్ణోగ్రత

వేడి వర్ట్‌లో హైడ్రోమీటరు ముంచి, ఫోనులోని సవరణ లెక్కతో సరిచేసుకోవడం చాలా చోట్ల మామూలు. అది ఎంతవరకు నడుస్తుందో చూడడానికి ఒకే వర్ట్ నమూనాను మూత ఉన్న పాత్రలో ఉంచి, చల్లారుతున్న కొద్దీ రీడింగులు తీసుకున్నాను. కార్డు ప్రకారం సవరించాక 20 డిగ్రీల దగ్గర 1.040 ఉన్న ఆ వర్ట్, 65 డిగ్రీల దగ్గర సుమారు 1.022 చూపింది, 40 డిగ్రీల దగ్గర 1.034; 30 డిగ్రీల దగ్గర ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది పాయింట్ల మధ్య నిలిచింది. నీరు వేడెక్కినప్పుడు వ్యాకోచించడం సమరేఖలో జరగదు. 20 నుంచి 30 డిగ్రీలకు వెళితే పోయేది రెండున్నర పాయింట్లు. 65 డిగ్రీల దగ్గర మాత్రం ఒక్కొక్క డిగ్రీకి అర పాయింటు పైగా పోతుంది. అక్కడ థర్మామీటరు రెండు డిగ్రీలు తప్పు చూపినా, నమూనా పైభాగం, అడుగుభాగం వేర్వేరు వేడిలో ఉన్నా, సవరణ సూత్రం ఎంత చక్కనిదైనా ఫలితంలో పాయింటు పైగా దోషం మిగులుతుంది. దానికి తోడు వేడి నమూనా నుంచి ఆవిరి లేస్తూ ఉంటుంది గనుక చదువుతున్నంతసేపూ నమూనా చిక్కబడుతూనే ఉంటుంది.

ఇకమీదట నియమం: 30 డిగ్రీల పైన హైడ్రోమీటరు రీడింగును డైరీలో ఎక్కించను. నమూనాను స్టీలు గ్లాసులో తీసి, మూత పెట్టి, మంచునీటి గిన్నెలో కూర్చోబెడితే కొద్ది నిమిషాల్లో 20 దగ్గరికి వస్తుంది. వేడి వర్ట్‌ను నేరుగా ప్లాస్టిక్ కొలపాత్రలో పోస్తే అది వంకర తిరుగుతుంది, చల్లని గాజు హైడ్రోమీటరును అందులో ముంచితే పగలవచ్చు కూడా.

థర్మామీటరు విషయంలో డెన్వర్‌లో ఒక చిక్కుంది. సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున నీరు సుమారు 95 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మరిగే నీటిలో పెట్టి, 100 చూపడం లేదని థర్మామీటరును ఐదు డిగ్రీలు పైకి జరిపితే, ఆ తరువాత ప్రతి మాషూ అనుకున్నదానికంటే చల్లగా నడుస్తుంది, ప్రతి గ్రావిటీ సవరణా తప్పుతుంది. ఎత్తుతో దాదాపుగా మారనిది దంచిన మంచూ నీరూ కలిసి ఉన్న గిన్నె; అక్కడ సున్నా చూపితే సరి. నాది 0.3 చూపింది, దానితో సర్దుకున్నాను. ఎత్తు వల్ల హైడ్రోమీటరుకు మాత్రం చెప్పుకోదగిన తేడా ఏదీ లేదు.

మార్చి చివర: కెటిల్‌లో పొరలు

అసలు దొంగ ఇక్కడ దొరికిందని అనుకుంటున్నాను.

మాష్ నుంచి ముందుగా దిగే వర్ట్ చిక్కనిది. నా బ్యాచ్‌లో 1.080 దరిదాపుల్లో ఉంటుంది. ధాన్యాన్ని కడిగిన తరువాత దిగేది పలచనిది, 1.018 ప్రాంతంలో ఉంటుంది. రెండవదానిని కెటిల్ అంచు వెంబడి నెమ్మదిగా దించితే అది మొదటిదానిపైన పొరలాగా కూర్చుంటుంది. మంట వెలిగించి మరగడం మొదలయ్యే వరకు ఈ రెండూ తమంతట తాము కలవవు. కలపకముందు అడుగున ఉన్న కుళాయి నుంచి ఒక నమూనా, పైనుంచి గరిటెతో మరొక నమూనా తీసి, రెండింటినీ చల్లార్చి కొలిచాను. కుళాయి దగ్గర 1.052, పైన 1.034. ఆ తరువాత పెద్ద తెడ్డుతో అడుగు నుంచి పైకి లేచేలా బాగా కలిపి మళ్లీ కొలిస్తే రెండు చోట్లా 1.040.

28 లీటర్లతో లెక్క కడితే కుళాయి నమూనా ప్రకారం సామర్థ్యం 97 శాతం, పై నమూనా ప్రకారం 63 శాతం, కలిపిన నమూనా ప్రకారం 75 శాతం. మొదటి అంకె ఇలాంటి ఏర్పాటులో సాధ్యమే కాదు గనుక ఎవరైనా అనుమానిస్తారు. రెండవదానిని ఎవరూ అనుమానించరు, మిల్లునే తిడతారు. సగం కలిసిన కెటిల్ మరీ ప్రమాదకరం, ఎందుకంటే అది 70 అని, 80 అని నమ్మశక్యమైన అంకెలను ఇస్తుంది. పాత నోటు పుస్తకంలోని 66, 79లను చూసినప్పుడు, పక్కన నమూనా ఎక్కడి నుంచి తీసినదో రాసి లేకపోయినా, వాటి వెనక ఇదే ఉందని ఊహించడం కష్టం కాదు. ఫెర్మెంటర్‌లో, అంటే పులియబెట్టే పాత్రలో, నీళ్లు కలిపి పరిమాణాన్ని సర్దుకునేవారికీ ఇదే చిక్కు ఎదురవుతుంది.

గ్రావిటీతోపాటు ఘనపరిమాణాన్నీ సరిచూశాను. కెటిల్‌లో గది ఉష్ణోగ్రత దగ్గరి నీటిని కిలోల లెక్కన తూచి పోస్తూ, కర్ర స్కేలు మీద లీటరు లీటరుకు గీత గీశాను. కెటిల్ లోపలి గోడ మీద ముందే చెక్కి ఉన్న గీతలు 20 లీటర్ల దగ్గర దాదాపు అర లీటరు ఎక్కువ చూపుతున్నాయని అప్పుడు తెలిసింది. ఇక వేడి సంగతి: 70 డిగ్రీల వర్ట్ 20 డిగ్రీల వర్ట్ కంటే రెండు శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, మరుగుతున్నప్పుడు దాదాపు నాలుగు శాతం. గ్రావిటీని 20 డిగ్రీలకు సవరించి, ఘనపరిమాణాన్ని మాత్రం వేడిగా ఉన్నట్టే వదిలేస్తే, సామర్థ్యం కాగితం మీద ఊరికే పెరుగుతుంది. రెండింటినీ ఒకే ఉష్ణోగ్రతకు తేవాలి.

వీటన్నిటినీ ఒకదానితో ఒకటి సరిచూసుకోవడానికి చక్కని దారి ఉంది. మరిగించినప్పుడు పోయేది నీరు మాత్రమే, చక్కెర ఎక్కడికీ పోదు. అందువల్ల మరిగించడానికి ముందు లీటర్లను పాయింట్లతో గుణించిన మొత్తం, మరిగాక వచ్చే మొత్తంతో సమానం కావాలి. ఈసారి ముందు 28 లీటర్లు, 40 పాయింట్లు, అంటే 1120. తరువాత 20 డిగ్రీలకు సవరించిన 23.9 లీటర్లు, 47 పాయింట్లు, అంటే 1123. ఇంతకంటే దగ్గరగా రావాలని కోరుకోవడం అత్యాశ. రెండు మొత్తాల మధ్య మూడు శాతానికి మించి తేడా వస్తే ఆ రోజు సామర్థ్యాన్ని డైరీలో రాయకుండా, ముందు తప్పు ఎక్కడుందో వెతకాలని పెట్టుకున్నాను.

ఏప్రిల్: రిఫ్రాక్టోమీటరు

హైడ్రోమీటరుకు ప్రతిసారీ ఒక గ్లాసెడు వర్ట్ కావాలి, చల్లార్చాలి. రిఫ్రాక్టోమీటరుకు రెండు చుక్కలు చాలు. కాంతి ఎంత వంగిందో చూసి బ్రిక్స్ డిగ్రీలలో చూపుతుంది. ఒక బ్రిక్స్ సుమారు నాలుగు గ్రావిటీ పాయింట్లు. ఈ బ్రిక్స్ అనే మాట మన చక్కెర కర్మాగారాల ప్రయోగశాలల్లో రోజూ వినిపించేదే. అటువంటి ప్రయోగశాలలో ఉద్యోగం చేసి రిటైరైన మా బాబాయికి ఫోనులో ఈ ప్రాజెక్టు గురించి చెబితే, ఆయన మొదటి మాటే, "ఒరేయ్, బ్రిక్స్‌లో చక్కెర ఒక్కటే ఉండదురా, రసంలో కరిగిందల్లా ఉంటుంది. అందుకే మేము పోల్ వేరుగా చూసేవాళ్లం" అని. చెరకు రసంలో అసలు చక్కెర శాతాన్ని పోలారిమీటరుతో విడిగా తేల్చి, దానిని బ్రిక్స్‌తో భాగించి శుద్ధతను లెక్కించడం అక్కడి పద్ధతి.

ఆ మాట నాకు సరిగ్గా పనికొచ్చింది. రిఫ్రాక్టోమీటరు స్కేలు నీటిలో కరిగిన పంచదార కోసం గీసినది. వర్ట్‌లో ఎక్కువగా ఉండేది మాల్టోజు. దానితోపాటు డెక్‌స్ట్రిన్లు, ప్రోటీన్లు కూడా ఉంటాయి, అవి కాంతిని కాస్త వేరుగా వంచుతాయి. కాబట్టి చూపిన బ్రిక్స్‌ను ఒక సవరణ సంఖ్యతో భాగించాలి. పుస్తకాలు సాధారణంగా 1.04 అంటాయి, కాని ప్రతివారూ తమ పరికరానికి తామే తేల్చుకోవడం మంచిది. కార్డు ప్రకారం సవరించిన హైడ్రోమీటరు పక్కన పెట్టి చూస్తే నాకు వచ్చినవి ఇవి: 1.040 వర్ట్, అంటే 10.0 ప్లేటో, రిఫ్రాక్టోమీటరులో 10.4, 1.048 వర్ట్, అంటే 11.9 ప్లేటో, 12.4, చిక్కని 1.061 వర్ట్, అంటే 15.0 ప్లేటో, 15.5. సగటున 1.04 సరిపోయింది.

పొడిగాలి ఇక్కడి రెండవ చిక్కు. కెటిల్ నుంచి వేడి చుక్కను గరిటెతో తెచ్చి, గాజు పలక మీద వేసి, మూత వేయడానికి జాప్యం చేస్తే, కొలరాడో గాలిలో ఆ కాస్త సమయంలోనే నీరు ఎగిరిపోయి చుక్క చిక్కబడుతుంది. అదే వర్ట్‌ను కావాలని తెరిచి ఉంచి చూస్తే 12.4 ఉన్నది నిమిషంలో 13కు చేరింది, అంటే రెండు పాయింట్ల పైగా దొంగ లాభం. ఇప్పుడు నేను కెటిల్ లోపలి నుంచి డ్రాపరుతో తీసి, డ్రాపరులోనే కొద్దిసేపు చల్లారనిచ్చి, పలక మీద చుక్కలు వేసిన వెంటనే మూత వేసి, అర నిమిషం ఆగి చదువుతున్నాను. ఆ అర నిమిషం పరికరంలోని ఉష్ణోగ్రత సర్దుబాటు కోసం. పెట్టె మీద రాసి ఉన్న ఆటోమేటిక్ సర్దుబాటు సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యనే పనిచేస్తుంది, అదీ పరికరమూ చుక్కా ఒకే వేడికి వచ్చాకనే. ప్రతి బ్యాచ్ ముందు డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా చూడడం తప్పనిసరి.

ఏప్రిల్ చివర: మాష్ లోపల

రిఫ్రాక్టోమీటరు చేతికి వచ్చాక మాష్ జరుగుతుండగానే లోపలి సంగతి తెలుసుకోవచ్చు. కిలోకు మూడు లీటర్ల నీరు పోసినప్పుడు, పిండిపదార్థమంతా చక్కెరగా మారితే మాష్ ద్రవం దాదాపు 20 ప్లేటోకు, అంటే 1.084 ప్రాంతానికి చేరాలి. కిలోకు నాలుగు లీటర్లయితే 16 ప్లేటో దాకానే. ఈ అంకె వడపోత మీద గాని, కడగడం మీద గాని, కెటిల్ మీద గాని ఆధారపడదు. ఇక్కడ లోటు కనిపిస్తే దోషం నలగగొట్టడంలోనో, మాష్ ఉష్ణోగ్రతలోనో, ఆమ్లత్వంలోనో, సమయంలోనో ఉంది. ఇక్కడ సరిగా ఉండి కెటిల్‌లో తగ్గితే దోషం కడగడంలో ఉంది.

ఈ విభజన లేకుండా సామర్థ్యం గురించి వాదించుకోవడం వృథా అని నా అభిప్రాయం. మాష్‌ను బాగా కలిపి, పొట్టు లేకుండా వడకట్టిన నమూనా నాకు 1.080 ఇచ్చింది. లెక్క ప్రకారం పిండిపదార్థంలో దాదాపు 95 శాతం మారినట్టు. కొద్దిగా లోటు ఉంది, అది నిజమైన లోటు. ఈ వసంతంలో కొత్త పద్ధతితో కొలిచిన బ్యాచ్‌లన్నీ కెటిల్ దగ్గర 73 నుంచి 76 శాతం మధ్య వచ్చాయి. మిల్లునూ నీటినీ మార్చకుండానే పదమూడు శాతాల చెదురు మూడుకు తగ్గింది.

కొలత వచ్చి వంటకాలనే మార్చిన సందర్భం బీరు చరిత్రలో పెద్దదే ఒకటి ఉంది. ఇంగ్లండులో జాన్ రిచర్డ్‌సన్ 1784లో శాకరోమీటరు (బ్రూవరీల హైడ్రోమీటరు) కొలతలను ప్రచురించాక, పోర్టర్ అనే ముదురు రంగు బీరు కాచేవారు తాము వాడే గోధుమరంగు మాల్టు లేత మాల్టు కంటే చాలా తక్కువ సారం ఇస్తోందని అంకెలలో చూసుకున్నారు. బస్తా ధర చవక అనుకున్నది సారం లెక్కన ఖరీదైనదని తేలి, పోర్టర్‌లో లేత మాల్టు పాలు పెరిగింది.

మే: పులిసిన తరువాత

మరిగించేనాటి రీడింగు తప్పితే పోయేది గణాంకం మాత్రమే. చివరి రీడింగు తప్పితే సీసాలు పేలతాయి. ఈ రెండింటికీ ఒకే జాగ్రత్త సరిపోదు.

లెక్క ఇలా ఉంటుంది. పులియడం ముగియకముందే సీసాల్లో నింపితే, మిగిలిన చక్కెర సీసాలోనే పులిసి కార్బన్ డయాక్సైడు అవుతుంది. గ్రావిటీ ఒక్క పాయింటు తగ్గితే లీటరు బీరులో సుమారు ఒక గ్రాము వాయువు పుడుతుంది. బీరువారి భాషలో అది అర వాల్యూము (ఒక వాల్యూము అంటే బీరు పరిమాణమంత వాయువు). పేల్ ఏల్ రకం బీరుకు నురగ కోసం సీసాల్లో మనం కావాలని వేసే చక్కెరతో 2.5 వాల్యూములు వస్తాయనుకుంటే, తెలియకుండా మిగిలిన నాలుగు పాయింట్లు మరో రెండు వాల్యూములు కలుపుతాయి. మామూలు బీరు సీసాలు అంత ఒత్తిడి కోసం చేసినవి కావు. కాబట్టి ఇక్కడ అర పాయింటు తేడాను కూడా చూడగలగాలి. రెండేసి పాయింట్ల గీతలున్న హైడ్రోమీటరు దీనికి పనికిరాదు గనుక, 0.990 నుంచి 1.020 వరకు మాత్రమే కొలిచే సన్నని కాడ హైడ్రోమీటరును కొన్నాను. దానినీ నీటిలోనూ, 50 గ్రాముల పంచదార, 950 గ్రాముల నీటితో చేసిన 5 ప్లేటో ద్రావణంలోనూ పరీక్షించాను. 1.0197 రావాలి, వచ్చింది.

ఫెర్మెంటర్ నుంచి తీసిన నమూనాలో వాయువు నిండుగా ఉంటుంది. బుడగలు హైడ్రోమీటరు ఒంటికి అంటుకుని దానిని పైకి ఎత్తుతాయి, రీడింగు ఎక్కువ చూపుతుంది. తీసిన వెంటనే 1.014 చూపిన నమూనాను రెండు గ్లాసుల మధ్య నురుగు తగ్గేదాకా అటూ ఇటూ పోసి, కాసేపు నిలవనిచ్చి, 20 డిగ్రీల దగ్గర చూస్తే 1.011. తొందరలో మొదటి అంకెను నమ్మినవారు పులియడం ఆగిపోయిందని భయపడి ఇంకో ప్యాకెట్ ఈస్ట్ వేస్తారు.

రిఫ్రాక్టోమీటరు ఈ దశలో ఇంకా పెద్ద మోసం చేస్తుంది. ఆల్కహాల్ నీటికంటే తేలికైనా కాంతిని నీటికంటే ఎక్కువ వంచుతుంది, కాబట్టి పులిసిన బీరులో బ్రిక్స్ అసలుకంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది. నా బీరులో అది 6.4 చూపింది; 1.04తో భాగించి మామూలుగా మారిస్తే 1.024, అంటే పులియడం సగంలో ఉన్నట్టు. మొదటి బ్రిక్స్‌నూ చివరి బ్రిక్స్‌నూ కలిపి ఆల్కహాల్ ప్రభావాన్ని తీసివేసే సూత్రాలున్నాయి. వాటిలో సులువైనది ఇది: సవరించిన మొదటి బ్రిక్స్‌ను 0.00085683తో గుణించి ఒకటి నుంచి తీసివేసి, సవరించిన చివరి బ్రిక్స్‌ను 0.0034941తో గుణించి కలపాలి. 12.4, 6.4లతో ఇది 1.011 ఇస్తుంది. హైడ్రోమీటరుతో చక్కగా సరిపోయింది. అయినా సీసాల నిర్ణయాన్ని సూత్రానికి వదలను. పులియడం నడుస్తోందా, మందగించిందా అని చూసేందుకు రిఫ్రాక్టోమీటరు, సీసాల్లో నింపే ముందు హైడ్రోమీటరు.

1.011 దగ్గర రీడింగు రోజుల తరబడి కదలకపోయినా, అదే నిజమైన ముగింపా, లేక ఈస్ట్ అలసి ఆగిందా అన్న సందేహం మిగులుతుంది. దానికి విడిగా ఒక పరీక్ష చేశాను. చల్లార్చిన వర్ట్ నుంచి 200 మిల్లీలీటర్లు శుభ్రమైన సీసాలోకి తీసి, అవసరానికి మించి ఈస్ట్ వేసి, మూత వదులుగా ఉంచి, 26 డిగ్రీల ప్రాంతంలో ఉంచి తరచుగా కదిలించాను. ఇలా చేస్తే పులియగలిగినదంతా రెండు మూడు రోజుల్లో పులిసిపోతుంది. అది 1.010 దగ్గర నిలిచింది. అసలు బీరు 1.011 దగ్గర ఉంది కనుక ఒక్క పాయింటు మిగిలి ఉండవచ్చు, అంటే అర వాల్యూము. సీసాల్లో వేసే చక్కెరను ఆ మేరకు తగ్గించి నింపాను.

ఆల్కహాల్ శాతానికి, మొదటి గ్రావిటీ 1.048 నుంచి 1.011ను తీసివేసి 131.25తో గుణిస్తే 4.86. పొరపాటున 1.024 తీసుకుని ఉంటే 3.15 అనుకుని సీసాల మీద చీటీలు అంటించేవాళ్లం.

జూన్: తేలే పరికరం

కొలవడానికి మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోతుందని, జర్మనీలో పుట్టిన ఓపెన్ సోర్సు ప్రాజెక్టు ఐస్పిండెల్‌ను తయారు చేసుకున్నాను. పారదర్శకమైన గొట్టంలో బ్యాటరీ, ఈఎస్‌పీ8266 చిప్, వంపును కొలిచే సెన్సర్ ఉంటాయి. బీరులో వంగి తేలుతూ, గ్రావిటీ తగ్గుతున్న కొద్దీ ఏ కోణంలో వాలిందో వైఫై ద్వారా పంపుతుంది. కోణం నుంచి గ్రావిటీకి రావడానికి దానిని నీటిలోనూ, వేర్వేరు పంచదార ద్రావణాలలోనూ తేల్చి, అప్పటి కోణాలతో ఒక వక్రరేఖను గీసుకోవాలి. ఫిబ్రవరిలో నేర్చుకున్న తూకపు పద్ధతే ఇక్కడా పనికొచ్చింది.

నురుగు, ఈస్ట్ గొట్టానికి అంటుకుంటే కోణం మారుతుంది, కాబట్టి మధ్యలో రెండు మూడు పాయింట్ల దూకుళ్లు గ్రాఫులో కనిపిస్తున్నాయి. దాని అంకెను నేను గ్రావిటీగా తీసుకోవడం లేదు. గ్రాఫు బల్లపరుపుగా మారిన రోజును మాత్రమే తీసుకుంటున్నాను. ఆ రోజు తరువాతే మూత తీసి, నమూనా నుంచి వాయువు పోగొట్టి, సన్నని హైడ్రోమీటరుతో చూస్తున్నాను. ఇంతకంటే ఖచ్చితంగా కావాలంటే కంపించే గాజు గొట్టంతో సాంద్రతను కొలిచే చిన్న డిజిటల్ మీటర్లు ఉన్నాయి, కాని వాటిలోనూ బుడగ దూరితే అంకె తప్పుతుంది, కలపని కెటిల్ నుంచి తీసిన నమూనా తప్పుడు నమూనాగానే ఉంటుంది. ఆ డబ్బును ప్రస్తుతానికి మాల్టు మీద పెడుతున్నాను.

ఇప్పుడు మిల్లు వంతు. మాష్ లోపలి 1.080కి, రావలసిన 1.084కి మధ్య ఉన్న నాలుగు పాయింట్లు నలగగొట్టడంలో పోతున్నాయా అన్నది తేల్చాలి. రోలర్ల ఎడం ఇప్పుడు 1.1 మిల్లీమీటర్లు. వచ్చే బ్యాచ్‌లో దానిని 0.9కి తెచ్చి, నీరు, ఉష్ణోగ్రత, సమయం ఏవీ మార్చకుండా, మాష్‌లో 30, 45, 60 నిమిషాల దగ్గర రిఫ్రాక్టోమీటరుతో చూస్తాను. వడపోత మందగించి ధాన్యపు పరుపు గట్టిపడితే వరి ఊక కొంత కలపాలి, దాని బరువును సామర్థ్యం లెక్కలో చేర్చకూడదు.